మెడికల్ షాపుల సాఫ్ట్‌వేర్‌కి తెలుగు హెల్ప్ పేజీలు: నా నాలుగు నెలలు

2025 జూన్ 9, సోమవారం. మా సార్ నా టేబుల్ మీద స్పైరల్ బైండింగ్ చేసిన మాన్యువల్ పెట్టి, "ఇది ఎవరైనా చదువుతున్నారా?" అని అడిగారు. రాసింది నేనే కాబట్టి నోరెత్తలేదు.

మాది విజయవాడలో ఎనిమిది మంది పనిచేసే చిన్న ఆఫీసు. మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. మాన్యువల్ 146 పేజీల పీడీఎఫ్. కొన్న ప్రతి షాపుకీ వాట్సాప్‌లో పంపేవాళ్లం. తెరిచినవాళ్లు తక్కువ, చదివినవాళ్లు ఇంకా తక్కువ. అందరూ ఫోనే చేస్తారు. సపోర్ట్‌లో ఉన్న ఇద్దరు అమ్మాయిలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా "బిల్ క్యాన్సిల్ ఎలా అండీ" అనే ప్రశ్నకే జవాబు చెప్తుంటారు. దాన్ని ఫోన్‌లో చదువుకునే వెబ్ పేజీలుగా, అదీ తెలుగులో, మార్చమన్నారు సార్. నెల రోజులు చాలన్నాను. అక్టోబర్ వచ్చేసింది.

జూన్ మూడు వారాలూ స్ఫింక్స్‌తో పోయాయి. మనం రాసిన మామూలు ఫైళ్లని వెబ్ పేజీలుగా మార్చే సాధనం అది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ల డాక్యుమెంటేషన్ అంతా దాంతోనే నడుస్తుంది, మాకెందుకు నడవదనుకున్నాను. అందులో రాసే పద్ధతి రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్. ఫైల్ పేరో కమాండో వేరుగా కనిపించాలంటే రెండు వైపులా రెండేసి బ్యాక్‌టిక్‌లు (` అనే గుర్తు) పెట్టాలి. ఇంతవరకు బాగానే ఉంది. చిక్కేమిటంటే, మూసే గుర్తు తర్వాత ఖాళీ గానీ, కామా చుక్కల్లాంటివి గానీ ఉండి తీరాలి. ఇంగ్లీషులో మాట తర్వాత ఎలాగూ ఖాళీ వస్తుంది. మనకి విభక్తి అతుక్కుంటుంది. "స్టాక్" అనే ఫైల్ పేరుకి గుర్తులు పెట్టి పక్కనే "లో" అని రాశాను. పేజీలో గుర్తులు గుర్తుల్లాగే కనిపించాయి, దాంతోపాటు ఎర్రటి హెచ్చరిక ఒకటి.

దీనికి మందు ఉంది. గుర్తుకీ విభక్తికీ మధ్య ఒక బ్యాక్‌స్లాష్, ఒక ఖాళీ పెడితే పేజీలో రెండూ మాయమై "లో" అతుక్కుంటుంది. కొనుగోలు ఎంట్రీ పేజీ ఒక్కదానిలోనే అలాంటివి నలభై ఒకటి పెట్టాను. తర్వాత ఆ పేజీని నేనే చదవలేకపోయాను. నాతో పనిచేసే కుర్రాడు ఈ బాధ పడలేక "స్టాక్ లో", "బిల్లు ని" అని విడగొట్టి రాయడం మొదలుపెట్టాడు. అవి చూస్తుంటే నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉండేది.

శీర్షికల గోల ఇంకొకటి. శీర్షిక కింద గీత గీయాలి, ఆ గీత శీర్షిక కంటే పొట్టిగా ఉంటే హెచ్చరిక వస్తుంది. కంటికి సరిపోయేలా గీసినా "పొట్టిగా ఉంది" అంటుంది. "క్షేత్రం" అన్న మాట మనకి రెండక్షరాలే, కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూనికోడ్‌లో ఎనిమిది గుర్తులు. గీత పొడవు కంటికొకటి, కంప్యూటర్‌కొకటి. చివరికి ప్రతి శీర్షిక కిందా చేతికొచ్చినంత పొడుగు గీత లాగేసేవాణ్ని.

జులై 1న స్ఫింక్స్ వదిలేసి అలాంటిదే ఎమ్‌కేడాక్స్ అనే ఇంకో సాధనానికి వచ్చాను, మెటీరియల్ అనే థీమ్‌తో. పేజీల రూపురేఖలు థీమ్‌లోంచే వస్తాయి. ఇందులో రాసే పద్ధతి మార్క్‌డౌన్. బ్యాక్‌టిక్ పక్కనే "లో" రాసినా కిమ్మనదు. ఆ రోజు సాయంత్రం నాకు ఎంత హాయిగా అనిపించిందంటే ఇంటికి వెళ్తూ అరకిలో పూతరేకులు కొనుక్కెళ్లాను. స్ఫింక్స్ చెడ్డదని అనడం లేదు. పెద్ద పుస్తకాలకి, పేజీ నుంచి పేజీకి లంకెలకి దానికి సాటి లేదు. మా అవసరం అంత పెద్దది కాదు, మా భాష దానికి పడలేదు, అంతే.

జులై మొదటి వారంలో సార్ తనకి తెలిసిన డిజైనర్‌కి పని అప్పజెప్పారు. అడ్వాన్స్ ఎనిమిది వేలు. పన్నెండు రోజుల తర్వాత థీమ్ వచ్చింది. ల్యాప్‌టాప్‌లో, ఏసీ గదిలో చూస్తే నిజంగానే ముద్దొచ్చేలా ఉంది. సన్నటి అక్షరాలు, లేత బూడిద రంగు, శీర్షికల్లో అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ. ఇంగ్లీషు శీర్షికకి ఆ ఖాళీ అందమిస్తుందేమో గానీ, మన పదం ఊడుతున్న పళ్లలా కనిపించింది. "పేపర్లో లాగా రెండు అంచులూ సమంగా ఉండాలి" అని సార్ చెప్పడంతో అతను జస్టిఫై కూడా పెట్టాడు. "సరిచేసుకోవలసివచ్చినప్పుడు" లాంటి మాట ఒకటి పడితే చాలు, అది కింది లైన్‌కి దిగిపోతుంది, పై లైన్‌లో మిగిలిన మూడు మాటలూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా దూరదూరంగా నిలబడతాయి. ఫోన్‌లో మరీ ఘోరం.

నేను నోటితో చెబితే గొడవ అవుతుందని ఫోన్ పట్టుకుని గవర్నర్‌పేటలో మాకు తెలిసిన షాపుకి సార్‌ని తీసుకెళ్లాను. మధ్యాహ్నం రెండు గంటలు, కౌంటర్ రోడ్డు వైపు. ఓనర్ గారు ఫోన్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, చెయ్యి అడ్డం పెట్టి, "ఏం రాశారండీ ఇందులో?" అని అడిగారు. ఆ బూడిద రంగు వెబ్ రంగుల లెక్కలో #999. తెల్లటి పేజీ మీద దాని కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ ఉన్న తేడా, 2.85. వెబ్ పేజీల అందుబాటుకి ఉన్న ప్రమాణాల్లో మామూలు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి. ఆ అంకెలు సార్‌కి నేను చెప్పలేదు, ఓనర్ గారి అరచెయ్యి చెప్పింది. ఎనిమిది వేలు నీళ్లలో కలిశాయి. అక్షరాలు దాదాపు నలుపు చేశాను, జస్టిఫై తీసేశాను, ఎడమ అంచుకే కట్టాను.

ఫాంట్ కోసం ఇంకో వారం. మండలి, మల్లన్న రెండూ నాకు ఇష్టం, తెలుగు ముద్రణ రూపం వాటిలో కనిపిస్తుంది. పేజీకి పెట్టి చూశాను. మామూలు వాక్యాలు బాగున్నాయి. బోల్డ్ దగ్గర తేడా కొట్టింది. వాటికి ఒకే బరువు, అంటే అక్షరానికి ఒకే లావు, ఉంది. బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే అక్షరాన్ని లావు చేసేస్తుంది, దాంతో ఒత్తుల్లో ఉన్న చిన్న చిన్న ఖాళీలు పూడుకుపోతాయి. మా పేజీల్లో బొత్తాల పేర్లన్నీ బోల్డే. అందుకని నోటో సాన్స్ తెలుగుకి వచ్చాను. దానికి సన్నం నుంచి లావు వరకు అన్ని బరువులూ అసలువే ఉన్నాయి. అందం కొంచెం తక్కువ, చదవడం తేలిక. ఇటాలిక్ మాత్రం దానికీ లేదు, బ్రౌజర్ అక్షరాన్ని పక్కకి వంచి "ఇదిగో ఇటాలిక్" అంటుంది. తుఫానుకి ఒరిగిన అరటితోటలా ఉంటుంది. ఆ కల్పన చెయ్యొద్దని స్టైల్‌షీట్‌లో, అంటే పేజీ రూపం రాసే ఫైల్‌లో, ఒక్క లైన్ రాసేశాను, ఒత్తి చెప్పాల్సిన చోట బోల్డ్ ఒక్కటే వాడాను.

లైన్ల మధ్య దూరం గురించి మాత్రం కాస్త చెప్పాలి, నేను ఎక్కువ పొరపాటు పడ్డది ఇక్కడే. థీమ్‌లో అది వాక్యాలకి అక్షరం సైజుకి 1.6 రెట్లు, పెద్ద శీర్షికకి 1.3 రెట్లు ఉంది. ఇంగ్లీషు సైట్లలో అది సుఖంగా ఉంటుంది కాబట్టి నేను ముట్టుకోలేదు. "కొనుగోలు ఎంట్రీ సరిదిద్దడం, డిస్ట్రిబ్యూటర్ క్రెడిట్ నోట్" అనే శీర్షిక ఫోన్‌లో రెండు లైన్లైంది. పై లైన్‌లో "ట్రీ"కి కింద ఉన్న క్రారవడి వచ్చి, కింది లైన్‌లోని "డి" నెత్తి మీది గుడిని తాకింది. చిన్న ఫోన్‌లో అది "డి"నో "డీ"నో తెలియలేదు. వాక్యాలకి 1.8, శీర్షికలకి 1.5 చేశాక గాలాడింది. అయినా పైన మెనూలో ఉన్న బొత్తాల్లో ఒత్తులు సగం తెగి కనిపిస్తూనే ఉన్నాయి. ఆ డబ్బా ఎత్తుని అంకెల్లో బిగించేసి, బయటికి వచ్చిందల్లా దాచెయ్యమని డిజైనర్ రాసిపెట్టాడు. అది పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

లైన్ పొడవు 65 సీహెచ్ అని పెట్టాను, 65 అక్షరాలు పడతాయనుకుని. ఆ కొలత ఫాంట్‌లోని సున్నా వెడల్పుని బట్టి వస్తుంది. మన అక్షరాలు సున్నా కంటే వెడల్పు, లెక్కపెడితే నలభై ఐదు కూడా రాలేదు. చదివి చూస్తే అదే బాగుందనిపించి వదిలేశాను.

ఆగస్ట్ 4న ముప్పై ఎనిమిది పేజీలు ఆరు షాపులకి ఇచ్చాం. అసలు కథ అక్కడ మొదలైంది.

ఆగస్ట్ 19, మంగళవారం సాయంత్రం. నూజివీడులో ఒక షాపు ఓనర్ గారు కొత్త కంప్యూటర్ కొన్నారు. పాత దాన్లోంచి డేటా మార్చుకోవాలి. ఆ పేజీలో ఐదు మెట్లు: ఒకటి, పాత కంప్యూటర్‌లో బిల్లింగ్ ఆపండి. రెండు, పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి. మూడు, కొత్త కంప్యూటర్‌లో రిస్టోర్ తెర తెరవండి, కింద దాని బొమ్మ. నాలుగు, జాబితాలోంచి ఫైల్ ఎంచుకోండి. ఐదు, "ఉన్న డేటా మీద రాయి" నొక్కండి. సపోర్ట్ అమ్మాయి ఫోన్‌లో, "ముందు పాత కంప్యూటర్‌లో ఒకటీ రెండూ చేసేయండి అంకుల్, నేను లైన్‌లోనే ఉంటా" అంది. ఆమె చేతిలో ఉన్నది పాత స్పైరల్ పుస్తకం.

ఆయన ఫోన్‌లో పేజీ కిందికి జరిగి, తెర మీద బొమ్మ, దాని కింద రెండు మెట్లు కనిపిస్తున్నాయి. వాటి అంకెలు 1, 2. ఆయన పాత కంప్యూటర్‌లోనే, బొమ్మలో ఉన్న తెరే తెరిచి, "ఒకటి" ప్రకారం జాబితాలో పైన ఉన్న ఫైల్ ఎంచుకున్నారు, అది ముందురోజు రాత్రిది. "రెండు" ప్రకారం నొక్కేశారు. పొద్దున్నుంచి కొట్టిన అరవై మూడు బిల్లులు పోయాయి.

ఆరున్నర బస్సుకి నేను బయల్దేరాను. దారి పొడుగునా కడుపులో తిప్పుతూనే ఉంది. షాపులో దిగి ఆయన ఫోన్ చూశాక గానీ నాకు అర్థం కాలేదు. ఆయన అరవలేదు. పేజీని పైనుంచి కిందికి మెల్లగా జరిపి, "చూడు బాబూ, మీ దాంట్లో రెండు ఒకట్లు, రెండు రెళ్లు ఉన్నాయి. నేను చేసింది తప్పా?" అని మాత్రం అన్నారు. కట్టగట్టి ఉంచిన కార్బన్ కాపీలు చూసి నేనూ వాళ్లబ్బాయీ కూర్చుని బిల్లులన్నీ మళ్లీ ఎక్కించేసరికి పదకొండు దాటింది. వాళ్లింట్లోనే భోజనం పెట్టారు. గోంగూర పచ్చడి కలుపుకుంటుంటే సిగ్గేసింది.

తప్పు ఎక్కడంటే, మూడో మెట్టు కింద బొమ్మ పెట్టిన లైన్‌కి ముందు నేను మూడు ఖాళీలు వదిలాను. నా ఎడిటర్‌లో ప్రివ్యూకి మూడు చాలు, అక్కడ 1 నుంచి 5 దాకా చక్కగా కనిపించింది. ఎమ్‌కేడాక్స్ వాడే మార్క్‌డౌన్‌కి మాత్రం నాలుగు ఖాళీలు కావాలి. మూడే ఉంటే బొమ్మ జాబితాలోది కాదనుకుని జాబితాని అక్కడితో మూసేస్తుంది. ఆ తర్వాత నేను "4" అని రాసినా లెక్కచెయ్యకుండా కొత్త జాబితా అనుకుని మళ్లీ 1 వేస్తుంది. ఒక్క ఖాళీ తేడా. మరుసటి రోజు ముప్పై ఎనిమిది పేజీలూ తిరగేస్తే పదకొండు చోట్ల ఇదే. బొమ్మ ఉన్న ప్రతి చోటా అంకె తిరిగి మొదలైంది. అప్పటి నుంచి నా రూల్ ఒకటే: ప్రివ్యూని నమ్మను, తయారైన పేజీనే ఫోన్‌లో చూస్తాను. అలా చూడటానికే సెకండ్ హ్యాండ్ ఫోన్ ఒకటి మూడున్నర వేలకి కొన్నాను, తెర మీద మూలకి పగులు కూడా ఉంది. మా కస్టమర్ల ఫోన్లు అలాగే ఉంటాయి మరి.

ఆ దెబ్బతో ఇంకొన్ని చేశాను. "ఉన్న డేటా మీద రాయి" లాంటి మెట్టు ముందు ఎర్రగీతతో "ఆగండి" అని ఒక డబ్బా పెట్టాను. అప్పటిదాకా పేజీల్లో గమనిక, చిట్కా, సమాచారం, హెచ్చరిక, ప్రమాదం అని ఐదు రంగుల డబ్బాలు ఉండేవి. థీమ్ ఇస్తోంది కదా అని అన్నీ వాడేశాను, పేజీ తిరునాళ్లలో బొమ్మల కొట్టులా ఉండేది. అన్ని రంగులున్న చోట ఎరుపుని ఎవరు పట్టించుకుంటారు? నాలుగు తీసేసి "ఆగండి" ఒక్కటే ఉంచాను, అది కూడా డేటా పోయే చోట మాత్రమే. మొత్తం సైట్‌లో ఏడు ఉన్నాయి.

బొత్తాల పేర్ల మీద ఆఫీసులో రెండు రోజులు వాదన జరిగింది. సాఫ్ట్‌వేర్ తెరలు ఇంగ్లీషులో ఉన్నాయి. "సేవ్"ని పేజీలో తెలుగు లిపిలో రాయాలా, "భద్రపరచు" అనాలా? "భద్రపరచు" అంటే ఎవరికీ అర్థం కాదని కాదు, ఆ మాట తెర మీద లేదు. చివరికి తెర మీద ఎలా ఉందో అలాగే, ఇంగ్లీషు అక్షరాల్లోనే, బోల్డ్‌లో పెట్టాం. ఎఫ్2 లాంటి కీలకి మాత్రం కీబోర్డ్ ట్యాగ్ వాడి చుట్టూ చిన్న గడి గీశాను. కౌంటర్‌లో కుర్రాళ్లు వాక్యాలు చదవరు, ఆ గడులే వెతుక్కుంటారు. ఇది నేను ఊహించనిది, షాపులో పక్కన నిలబడి చూస్తే తెలిసింది. పెద్ద పట్టికలు ఫోన్‌లో పక్కకి జరిగేలా చేశాను, దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

సెర్చ్‌లో ఇంకో వింత. పేజీలు తెలుగులో ఉన్నాయి, వెతికేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. "బిల్ క్యాన్సిల్ ఎలా" అని, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్‌తో. మా శీర్షికేమో "బిల్లు రద్దు చేయడం". ఏమీ దొరకదు, ఫోన్ చేస్తారు. సపోర్ట్ అమ్మాయిల వాట్సాప్‌లో మూడు నెలల ప్రశ్నలు తీసి, ప్రతి పేజీ అడుగున "ఇలా కూడా అడుగుతారు" అని వాళ్ల మాటల్నే, వాళ్ల స్పెల్లింగుల్లోనే చిన్న అక్షరాలతో పెట్టాను. చూడటానికి అందంగా లేదు. పని చేస్తోంది.

చూపు తగ్గిన ఒక అకౌంటెంట్ గారు పేజీని ఫోన్ చేత చదివించుకుంటారట. "మీ పేజీ ఏదో దొరసాని చదివినట్టు చదువుతోంది" అన్నారు. చూస్తే పేజీ భాష ఇంగ్లీషు అని థీమ్‌లో ఉండిపోయింది. తెలుగు అని మార్చాను, ఐదు నిమిషాల పని. ఆయన చెప్పకపోతే నాకు ఈ జన్మలో తెలిసేది కాదు.

సెప్టెంబర్ 3 రాత్రి జీఎస్టీ మార్పులు ప్రకటించారు. చాలా మందుల మీద 12 శాతం 5 అవుతుంది, 22వ తేదీ నుంచి అమలు. మాకు పంతొమ్మిది రోజులు. విజయవాడలో 22 అంటే దసరా ఉత్సవాలు మొదలయ్యే రోజు కూడా, ఆఫీసుకి రావాలంటే ట్రాఫిక్ మళ్లింపులు దాటుకుని రావాలి. రేట్లు మార్చే పేజీ 12వ తేదీకి రాసేశాను. పాత స్టాక్‌కి కొత్త రేటు ఎలా పెట్టాలనే భాగానికి నేరుగా వెళ్లే లింక్‌ని 20వ తేదీ శనివారం అందరికీ వాట్సాప్‌లో పంపాం. ఆదివారం ఉదయం పేజీ పైన ఒక కొత్త శీర్షిక చేర్చాను. పది గంటలకల్లా ఫోన్లు మొదలు: "లింక్ నొక్కితే ఎక్స్‌పైరీ మందుల రిటర్న్ అని వస్తోందండీ."

శీర్షిక నుంచి లింక్ పేరుని ఎమ్‌కేడాక్సే తయారు చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెల్లాంటివి తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. తెలుగు శీర్షికలో అన్నీ తీసేస్తే మిగిలేది శూన్యం, దాంతో వరసగా 1, 2, 3 అని పెట్టేస్తుంది. నేను పైన ఒకటి చేర్చగానే అన్నీ ఒక అంకె జరిగాయి. స్ఫింక్స్‌లోనూ ఇదే రోగం చూశాను, ఇక్కడ ఉండదనుకోవడం నా తప్పు. తెలుగునే లింక్‌లో ఉంచే మార్గం ఉంది గానీ, వాట్సాప్‌లోకి కాపీ చేస్తే ఒక్కో గుర్తూ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలైపోతుంది. "క్షేత్రం" ఒక్కటే డెబ్బై రెండు. అంత పొడుగు లింక్ చూసి ఇదేదో మోసం మెసేజ్ అనుకుంటారు. ఆదివారమంతా కూర్చుని నూట పద్నాలుగు శీర్షికలకి చేత్తో చిన్న ఇంగ్లీషు పేర్లు పెట్టాను. ఈ పని మొదటి రోజే చేసుకోండి, రెండు గంటల్లో అయిపోతుంది.

ఖర్చు అడుగుతారు కాబట్టి: సాధనాలు, ఫాంట్ ఉచితం. డిజైనర్ ఎనిమిది వేలు, ఫోన్ మూడున్నర వేలు, షాపులకి తిరగడానికి బస్సులు, ఆటోలు కలిపి రెండు వేల పైన. మిగిలింది నా నాలుగు నెలల జీతం. ఫోన్లు తగ్గాయా అంటే, "బిల్ క్యాన్సిల్" ఫోన్లు తగ్గాయని అమ్మాయిలు అంటున్నారు. కొత్త ప్రశ్నలు వస్తున్నాయట.

అక్టోబర్ 13న మచిలీపట్నం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. పేజీ ప్రింట్ తీసి కౌంటర్ పైన అతికించుకున్నారట. "మధ్యలో కొన్ని చోట్ల శీర్షికే ఉంది బాబూ, కింద ఏమీ రాలేదు." పేజీ పొడుగైపోతోందని కొన్ని భాగాల్ని నొక్కితే తెరుచుకునేలా మడిచిపెట్టాను. కాగితం మీద నొక్కడం కుదరదు కదా, మూసినవి మూసినట్టే ప్రింటయ్యాయి. ఆయన ఆ ఖాళీల్లో బాల్‌పెన్‌తో మెట్లన్నీ తనే రాసుకుని ఫోటో పంపారు. ఒకటి నుంచి ఆరు దాకా, వరస తప్పకుండా.